చప్పిడి జావ

తెనాలిలో నాగజ్యోతి ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఒక యువతి కూర్చుని ఉంది. ఒడిలో గుడ్డ చుట్టిన స్టీలు గిన్నె.

"నా పేరు షబానా అండి. మాది రేపల్లె. మా అత్త సుల్తాన్ బీ పోయి నాలుగు రోజులైంది. నేనే విషం పెట్టానంటున్నారండి."

నాగజ్యోతి పదిహేనేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, ఆ ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయింది. ఆఫీసు వెనక గదిలో చిన్న ల్యాబ్ కూడా పెట్టుకుంది. ఆమె అసిస్టెంటు సంజన మంచినీళ్ళు తెచ్చి షబానా చేతికిచ్చింది.

"ఎవరంటున్నారమ్మా?"

"మా ఆయన హుస్సేనేనండి. అత్తకి జ్వరం. పొద్దున జావ కాచిపెట్టి బాపట్లలో మా అమ్మను చూడ్డానికి వెళ్ళాను. మధ్యాహ్నానికి ఫోనొచ్చింది. పెదాలు నీలంగా అయిపోయాయట. రక్తం చాక్లెట్ రంగులో ఉందని డాక్టరు అన్నాడట. పోలీసు కేసైంది, రిపోర్టు ఇంకా రాలేదు. ఈయన నా బ్యాగు వీధిలో పెట్టేశాడండి."

"జావలో ఏమేశావు?"

"బియ్యప్పిండి, నీళ్ళు. అంతేనండి. అత్తకి బీపీ. ఉప్పు కూడా వేయను. ఇదిగో, ఆ గిన్నె. కడగడానికి చేతులు రాలేదండి."

నాగజ్యోతి, సంజన ఆ రోజే రేపల్లె వెళ్ళారు. హుస్సేన్ బట్టలకు రంగు అద్దే షెడ్డులో పనిచేస్తాడు. గోళ్ళ చుట్టూ నీలిరంగు ఇంకిపోయి ఉంది.

"ఆ పొద్దున మా అమ్మీతో గొడవ పడిందండి. సాయంత్రానికి అమ్మీ లేదు. ఇంకేం ఆలోచించాలి?" అన్నాడు, తలెత్తకుండానే.

అతని తండ్రి మొయినుద్దీన్ మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు మందం.

"మీరేనా ఆమెకు జావ ఇచ్చింది?"

"నేనేనమ్మా. వేడి చేసి ఇచ్చాను. చప్పగా ఉంది, గొంతు దిగడం లేదంది. ఇంత ఉప్పేశాను. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నా."

"ఎప్పుడైనా వంట చేస్తారా?"

"నలభై ఏళ్ళలో పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదమ్మా."

వంటింట్లో జాడీ నిండా రాళ్ళ ఉప్పుంది. దాని వెనక ముడి వేసిన ప్లాస్టిక్ కవరులో మెత్తటి తెల్లపొడి. నాగజ్యోతి రెండిట్లోంచీ కొంచెం తీసుకుంది.

తెనాలి ల్యాబ్‌లో సంజన ముందుగా కవరులోని పొడిని మంటలో పెట్టింది. పసుప్పచ్చగా వెలిగింది.

"సోడియం మేడమ్. ఉప్పే!"

"మంట సోడియం అనే చెప్పింది. దాని జోడీ ఎవరో చెప్పలేదు."

నాగజ్యోతి జాడీ ఉప్పును నీళ్ళలో కరిగించి సిల్వర్ నైట్రేట్ వేసింది. పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్ద కట్టింది. క్లోరైడ్, అంటే వంట ఉప్పే. తర్వాత కవరులోని పొడి మీద పలుచటి ఆమ్లం పోసింది. పరీక్షనాళికలోంచి ఎర్రటి గోధుమరంగు పొగ లేచింది.

"నైట్రైట్. వంట ఉప్పుకు ఈ పొగ రాదు. ఇది రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది. పెదాలు నీలమైంది అందుకే."

గిన్నె అడుగున ఎండిన జావను తడిపి కాస్త ఆమ్లం, పొటాషియం అయోడైడ్ వేసింది. నైట్రైట్ విడగొట్టిన అయోడిన్ బియ్యప్పిండికి తగిలి, క్షణంలో ముదురు నీలం తిరిగింది. పోల్చి చూడ్డానికి విడిగా కాచిన జావలో అవే వేస్తే తెల్లగానే ఉంది.

"అద్భుతం మేడమ్!" అన్న సంజన, నాగజ్యోతి ముఖం చూసి ఆగిపోయింది.

మర్నాడు రేపల్లె ఇంట్లో అందరినీ కూర్చోబెట్టింది నాగజ్యోతి. షబానా గుమ్మం దగ్గరే నిలబడింది.

"షబానా కాచిన జావలో విషం లేదు. ఆమె అసలు ఉప్పే వేయలేదు. విషం ఈ కవరులో ఉంది. సోడియం నైట్రైట్. కొన్ని రంగులు బట్టకు పట్టించడానికి వాడతారు. హుస్సేన్, ఇది ఇంట్లోకి ఎలా వచ్చింది?"

హుస్సేన్ ముఖం పాలిపోయింది. "అమ్మీ దుపట్టా వెలిసిపోయిందంటే... రంగు వేసిద్దామని షెడ్డు నుంచి తెచ్చానండి. అక్కడ పెట్టి మర్చిపోయా. తాగితే చస్తారని నాకు తెలియదండి!"

"మరి నీ భార్యను అనేముందు ఒక్కసారైనా వంటింట్లో చూశావా?"

ఆ పెద్దాయన మాట ఎత్తకుండా నాగజ్యోతి అక్కడితో ఆపేయాలనుకుంది. కాగితాలు మడిచింది కూడా. కానీ మొయినుద్దీన్ నెమ్మదిగా లేచాడు.

"జాడీలో ఉప్పు రాళ్ళుగా ఉందమ్మా. తొందరగా కరగదని ఆ మెత్తటిది తీశాను. రెండు గుక్కలు తాగి అదోలా ఉందండీ అంది. జ్వరం నోరు, అలాగే ఉంటుంది, నా కోసం తాగు అన్నాను. నా కోసమనే తాగేసిందమ్మా." ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "నా చేత్తో చేసింది మొదటిసారని నవ్వుకుంటూ తాగింది."

సంజన ముఖం తిప్పుకుంది. నాగజ్యోతి ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేకపోయింది.

"ఇది ప్రమాదమని పోలీసులకు నేనే చెబుతాను మొయినుద్దీన్ గారూ," అని మాత్రం అనగలిగింది.

హుస్సేన్ షబానా ముందు కూలబడ్డాడు. ఆమె అతన్ని దాటి వచ్చి మామగారిని పట్టుకుని కూర్చోబెట్టింది.

"పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా మామయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె అన్నం వండింది. ముద్దలు కలిపి, బతిమాలి నాలుగు తినిపించింది. ఆయన నిద్రపోయేదాకా పక్కనే ఉంది. తర్వాత ఇంకా వీధి అరుగు మీదే ఉన్న తన బ్యాగు తీసుకుని, హుస్సేన్‌తో ఒక్క మాటా మాట్లాడకుండా బాపట్ల బస్సెక్కింది.