ఆమెన్ అనేదాకా

సికింద్రాబాద్ స్టేషన్లో దిగేసరికి వాన పట్టుకుంది. హదస్సా దిగులు వాన గురించి కాదు, పిల్లి గురించి. కాకినాడ నుంచి బుట్టలో ముడుచుకుని వచ్చిన బూందీ, ఆటో ఎక్కగానే వీధంతా వినపడేలా అరుపులు లంకించుకుంది. అమ్మ చేరదీసిన పిల్లి అది. అమ్మ పోయాక ఇంట్లో హదస్సాకి మిగిలిన తోడు అదొక్కటే. పక్కింట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు.

రేపటి టీచరు ఇంటర్వ్యూ అయ్యేదాకా రెజిమెంటల్ బజార్‌లో ఐజాక్ పెద్దనాన్న ఇంట్లోనే మకాం. గ్లోరియా పెద్దమ్మ వెనక గది తలుపు తీసింది. అది నాన్నమ్మ దేవకృప గది. ఆవిడ పోయాక తెరవడం ఇవాళే. లోపలంతా చెమ్మ వాసన. దాని అడుగున, ఆవిడ మోకాళ్లకు రాసుకునే నీలగిరి తైలం వాసన.

"జెర చూసుకోవాలె బిడ్డా," అంది పెద్దమ్మ. "ఈ గదిల సాలీళ్లున్నయ్. బట్టలు, చెప్పులు దులపకుండ ఏసుకోకు. అత్తమ్మకు చెయ్యి మీద కరిచింది గదా... విషం ఒళ్లంత పాకింది. డాక్టర్లు సుత ఏం చేయలేకపోయిండ్రు."

హదస్సా బుట్టను ముందుగదిలోకి తీసుకుపోదామనుకుంది. ఈలోగా పెద్దనాన్న వచ్చేశాడు.

"ఫస్ట్ ప్రేయర్. చాయ్ తర్వాత."

ఆ ఇంటి పద్ధతి అది. ప్రయాణం చేసి వచ్చినవాళ్లు క్షేమంగా చేరినందుకు స్తుతి చెల్లించాకే సామాను ముట్టుకోవాలి, గుక్కెడు నీళ్లయినా తాగాలి. ఆమెన్ అనేదాకా కళ్లు తెరవకూడదు. తెరిచిన పిల్లల ఎడమ చెవిని నాన్నమ్మ పట్టుకుని మెలిపెట్టేది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా హదస్సా చెవి ఎర్రబడాల్సిందే. బుట్టను మంచం పక్కన నేల మీదే వదిలి, మోకాళ్లూని బుద్ధిగా కళ్లు మూసుకుంది. అంతలో కరెంటు పోయి ఫ్యాను చప్పుడు ఆగింది.

పెద్దనాన్న ప్రార్థన అంటే అబ్రాహాము దగ్గర మొదలై ఇంటికి చేరాలి. ఈసారీ అక్కడి నుంచే బయల్దేరాడు.

బుట్టలో గీరుతున్న చప్పుడు. తర్వాత బూందీ అరుపు. ఆటోలో అరిచినట్టు కాదు. సన్నగా, పిలుస్తున్నట్టు... హదస్సా కళ్లు తెరవబోయింది.

తల మీద చెయ్యి పడింది.

పెద్దమ్మ కాబోలు, కదలొద్దంటోంది అనుకుంది. కానీ ఆ చేతికి బరువు లేదు. వేళ్లు మాత్రం తలంతా పరుచుకున్నాయి... ఒక చేతికి ఉండాల్సినవాటి కంటే ఎక్కువ. నీలగిరి తైలం వాసన ముక్కుకు కొట్టింది. బూందీ మళ్లీ పిలిచింది. వెళ్లాలి... కళ్లు తెరవాలి... ఒళ్లు స్వాధీనంలో లేదు. బూందీ ఇంకా మెల్లగా పిలిచింది. ఆ తర్వాత పిలవలేదు.

"ఆమెన్."

చెయ్యి లేచింది. హదస్సా కళ్లు తెరిచింది. పెద్దనాన్న, పెద్దమ్మ ఇద్దరూ మంచానికి అవతల, చేతులు జోడించుకుని ఉన్నారు.

ఫోను లైటు వేసింది. అరచేతంత సాలీడు బుట్ట మీంచి దిగి, తాపీగా మంచం కిందకి వెళ్లిపోయింది. లోపల బూందీ కాళ్లు బిగుసుకుపోయాయి. నోట్లో నురగ. పెద్దనాన్న తెలిసిన పశువుల డాక్టర్లందరికీ ఫోన్లు చేశాడు. ఆదివారం సాయంత్రం, ఒక్కరూ ఎత్తలేదు. పెద్దమ్మ ఆటో కోసం వానలోకి పరిగెత్తింది. ఒళ్లో బూందీ హదస్సానే చూస్తోంది, ఏదో ఒకటి చెయ్యమని అడుగుతున్నట్టే. ఆమె ఏం చెయ్యగలదు? వీపు నిమిరింది. నిమురుతుండగానే ఊపిరి ఆగిపోయింది.

"పిలుస్తూనే ఉంది పెద్దనాన్నా... నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్దమ్మ తడిసి ముద్దయి తిరిగొచ్చింది. ఆటో దొరకలేదు.

"పెద్దమ్మా... ఇందాక ప్రార్థనప్పుడు నా తల మీద చెయ్యి పెట్టావా?"

"లేదు బిడ్డా. నేను మీ పెద్దనాన్న పక్కనే ఉంటి గదా..."

పెద్దనాన్న మొహం పాలిపోయింది. "ప్రేయర్ చేద్దాం," అన్నాడు గుసగుసగా. ఇద్దరూ ఆమె ఎదురుగానే మోకాళ్లూని కళ్లు మూసుకున్నారు.

హదస్సా మూయలేదు. ఇంక చచ్చినా మూయదు. బూందీని గుండెకు అదుముకుని, మంచం కింద చీకటినే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.

నీలగిరి తైలం వాసన వచ్చింది. వెనక నుంచి ఏదో ఆమె ఎడమ చెవిని మెత్తగా పట్టుకుని... మెలిపెట్టడం మొదలుపెట్టింది.