వంకర చిటికెన వేలు

జలంత్రకోటలో పోలారావు ఇంట్లో పొద్దుటి గొడవ ఎప్పుడూ నీళ్లతోనే మొదలవుతుంది. కిడ్నీలు పాడైన మనిషి నీళ్లు కొలిచి తాగాలని డాక్టర్ చెప్పిన దగ్గర్నించి ఆయన భార్య రత్నాలమ్మ ఒక స్టీలు చెంబు విడిగా పెట్టింది. అందులో పోసిందే ఆయనకి రోజంతటికీ. పెరట్లో కొబ్బరిచెట్లు విరగ్గాస్తాయి, ఆయనకి మాత్రం కొబ్బరినీళ్లు చుక్క పనికిరావు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పండి!

"ఇంకో గుక్క పొయ్యవే," అన్నాడు పోలారావు.

"ఏటి పోసేది? మజ్జానం గొంతెండిపోతే అప్పుడు నన్ను తిడతావు. ఊరుకో."

కోడలు సంధ్య వరండాలో చీర ఉయ్యాల ఊపుతోంది. ఉయ్యాల్లో మూడు నెలల పిల్ల, సాహిత్య. టెక్కలిలో పుట్టింటి నుంచి సంధ్య పిల్లతో వచ్చి వారం కూడా కాలేదు. వచ్చిన దగ్గర్నించి ఒకే మాట గొంతులో పెట్టుకుని తిరుగుతోంది. ఈ రోజు ఇక ఆగలేకపోయింది.

"బావా, రేపు బుధవారం. సబ్ సెంటర్లో టీకాలేస్తారు. పాపకి తీసుకెల్దాం."

బండి తాళం చేత్తో పట్టుకున్న ఆమె మొగుడు ఉమామహేష్ అలాగే ఆగిపోయాడు. కాశీబుగ్గలో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. రోజంతా ఫోన్లు చూసే మనిషి కాబట్టి లోకంలో దాచిపెట్టిన నిజాలన్నీ ముందుగా తనకే తెలుస్తాయని అతని నమ్మకం.

"ఒద్దని సెప్పాను కదా. మళ్లీ మొదలెట్టకు."

"నెలన్నరకే వెయ్యాల్సింది. మా అమ్మావాళ్లింట్లో ఉండగా నువ్వే ఫోన్ చేసి ఆపేశావు. ఇంటికొచ్చాక చూద్దామన్నావు. వచ్చాను. చూడు మరి."

"ఇప్పుడొచ్చేవి టీకాలు కావే! జీన్ థెరపీ అట. పేరు మార్చి పొడుస్తన్నారు. ఒంట్లో జీన్లే మారిపోతాయి. దానికి రేపు పుట్టే పిల్లల దాకా ఎల్లిపోద్ది. ఒకసారి పొడిచేసాక వెనక్కి తియ్యగలవా?"

ఇది కొత్త మాట కాదు. ఆరు నెలలుగా అన్నం దగ్గర కూర్చుని ఉమామహేష్ ఫోన్లో వచ్చిన వీడియోలన్నీ పెద్దగా పెట్టి అందరికీ వినిపిస్తూనే ఉన్నాడు. రత్నాలమ్మకి విసుగు. పోలారావు మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని శ్రద్ధగా వినేవాడు. కొడుకు మాట తండ్రికి ఎక్కుతోందని అందరూ అనుకున్నారు.

సంధ్య టెక్కలి కాలేజీలో బీఎస్సీ చదివింది. "జీన్ థెరపీ అంటే వేరే, బావా. పాడైన జీన్‌ని బాగుచెయ్యడానికి చేసే వైద్యం అది. పాప టీకా అలాంటిది..."

"నీ బీఎస్సీ నా దగ్గర తియ్యకు!" అరిచాడు ఉమామహేష్. "బళ్లో ఉండగా నా రక్తం తీశారు. కాలేజీలో ఉండగా తీశారు. నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు. పెద్ద పెద్ద సదువులోళ్లే వచ్చారు. ఉద్దానపోళ్ల మీద ఎన్ని పరీక్షలైనా సెయ్యొచ్చు. ఒక్కడైనా తిరిగొచ్చి, ఒరే మహేషూ, మీ పెదనాన్న ఇందుకు పోయాడ్రా అని సెప్పాడా? నా కూతుర్ని కూడా వాళ్ల సేతిలో పెట్టమంటావా?"

ఆ ఉద్దానంలో ఇంటింటా ఈ కిడ్నీ జబ్బే; ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్లు లేరు.

"జవాబు లేదని పిల్లని గాలికొదిలేస్తామా? కోరింత దగ్గొస్తే ఏం చేస్తావు? ఇంత పిల్ల, ఊపిరి అందక నీలంగా మారిపోతే నీ ఫోన్ కాపాడుతుందా?" సంధ్య ఉయ్యాల ఆపేసింది. "నువ్వు రాకపోతే నేనే తీసుకెల్తాను."

"గుమ్మం దాటి సూడు."

"ఓలమ్మో, పొద్దున్నే ఏటి మాటలివి!" రత్నాలమ్మ మధ్యలోకి వచ్చింది. కానీ ఉమామహేష్ షాపుకి వెళ్లలేదు. బండి లోపల పెట్టేసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంత జరుగుతున్నా పోలారావు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన సంగతీ అంతే. డయాలసిస్‌లో కామెర్లు అంటుకునే ప్రమాదం ఉందని, అది మొదలుపెట్టేలోగా పచ్చకామెర్ల టీకా వేయించుకోవాలని పలాసలో డాక్టర్ గట్టిగా చెప్పి నెల దాటింది. "సూద్దాంలే" అంటూ రోజులు నెడుతున్నాడు. కొడుకుకి భయపడే ఆయన కూడా ఆగిపోయాడని సంధ్య అనుకుంది. మావయ్య మీద ఆమెకి కోపం కూడా వచ్చింది. పెద్దమనిషి, ఒక్క మాట అనొచ్చు కదా!

మర్నాడు పొద్దున్న సంధ్య స్నానం చేసి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. అత్త ఎత్తుకుందేమో అనుకుంది. రత్నాలమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఉమామహేష్ గుమ్మం దగ్గర కుర్చీలోనే తల వాల్చేసి కునుకు తీస్తున్నాడు.

"బావా! పాపేది?"

ఉమామహేష్ ఉలిక్కిపడి లేచాడు. "నన్నడుగుతావేటి? నువ్వే ఎక్కడో దాచావు!"

"నేనా? నేను స్నానానికెల్లాను! అత్తా, పాప లేదు!"

రత్నాలమ్మ మసి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. గదులు చూశారు, మంచం కింద చూశారు, నూతి దగ్గరికి వెళ్లి లోపలికి తొంగిచూశారు. అప్పుడు రత్నాలమ్మ చూపు పెరటి తలుపు పక్కన పడింది.

"ఈయన సెప్పుల్లేవు. గొడుగూ నేదు. ఓలమ్మో, ఆ వాపు కాళ్లతో పిల్లనెత్తుకుని ఎక్కడికెల్లాడే!"

అది ఏ రోజో ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

ఉమామహేష్ బండి తీశాడు. సంధ్య తడి జుట్టుతోనే వెనక ఎక్కింది. బండి జీడితోటల మధ్య దారి పట్టింది. నాన్న పడిపోయుంటే? పిల్ల చేతిలోంచి జారితే? ఈపాటికి సూది పొడిచేసి ఉంటే? ఉమామహేష్‌కి ఒళ్లు మండిపోతోంది.

సబ్ సెంటర్ వరండాలో బల్ల మీద పోలారావు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తువాలు, తువాల్లో సాహిత్య. చెప్పులు విడిచిన పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. మనిషి ఆయాసపడుతున్నాడు. నర్సు లక్ష్మీకుమారి బండి చూడగానే బయటికొచ్చింది.

"రండమ్మా. మీ మావ వచ్చిన కాణ్నించి ఒకటే పోరు. తల్లో తండ్రో రాకుండా నేను ఎయ్యనంటే ఎయ్యనని కూర్చోబెట్టేను."

"నాన్నా! నీకు మతి పోయిందేటి?" ఉమామహేష్ మెట్లెక్కుతూనే అరిచాడు. వరండాలో ఉన్న తల్లులు ఉలిక్కిపడి పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. "దొంగలాగ పిల్లనెత్తుకొస్తావా? నేను సెప్పిందంతా ఇన్నావు కదా! అది జీన్లు మార్చేస్తాదని ఇన్నావు కదా!"

"ఇన్నాను."

"ఇనీ తెచ్చావా!"

"ఇన్నాను కాబట్టే తెచ్చాన్రా!" పోలారావు గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన అంత పెద్దగా అరవడం కొడుకే ఎప్పుడూ వినలేదు. "మారాలనే తెచ్చాను! మారిపోవాలి! మా అయ్య ఎల్లిపోనాడు. మా అన్న ఎల్లిపోనాడు. ఇప్పుడు నేను ఎల్తన్నాను. మా రక్తంలో ఏటుందో ఏ డాక్టరూ సెప్పలేదు. నువ్వు సెప్పావు! జీన్లు మార్చే సూది వచ్చినాదని రోజూ నా పక్కన కూకోని సెప్పావు. నాకు అది వేసుకుని ఏటి లాబం, అయిపోయినోణ్ణి. ఈ పిల్లగుంటకి పడనీ. దాని ఒంట్లో నాది ఏటీ మిగలకుండా మారిపోనీ!"

ఉమామహేష్ అలాగే నిలబడిపోయాడు. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఎందుకంత శ్రద్ధగా వినేవాడో ఇప్పుడు తెలిసింది. తను భయంతో వినిపించిన మాటనే ఆయన ఆశగా దాచుకున్నాడు. ఆ మాట ఇంట్లోకి తెచ్చింది తనే.

పోలారావు కోడలి వైపు తిరిగాడు. "అమ్మా సంధ్యా, నువ్వు సదువుకున్నావు. నువ్వు సెప్పు. మారతాది కదమ్మా?"

సంధ్యకి ఏడుపొచ్చింది. మారదని చెబితే భర్త భయం పోతుంది, మావ ఆశా పోతుంది. ఒక్క మాటే, ఒకరిని లేపి ఒకరిని పడగొట్టే మాట. చెప్పకుండా ఊరుకుంటే? ఊరుకోలేదు. ఆయన పాదాల దగ్గర కింద కూర్చుంది.

"మారదు మావయ్యా."

"అదేటి?"

"ఏ టీకా మన జీన్లని మార్చదు. మీకు పలాసలో వేస్తామన్న కామెర్ల టీకానే పాప సూదిలో కూడా ఉంది. దాన్ని తయారుచేసేటప్పుడు ఆ కామెర్ల వైరస్ జీన్‌ని పిండిని పులియబెట్టే ఈస్ట్‌లో పెట్టి పెంచుతారు, ఆ మాట నిజమే. కానీ మన ఒంట్లోకి వచ్చేది జీన్ కాదు, ఆ వైరస్ పైపొర ముక్క. దాన్ని చూసి ఒళ్లు శత్రువుని గుర్తుపెట్టుకుంటుంది, అంతే."

"మరి కరోనా సూదులు?" ఉమామహేష్ గొంతు సన్నగా వచ్చింది. అడగాలని అడిగినట్టు లేదు.

"వాటిలో కొన్నింటిలో జీన్ కబురు ఉంటుంది, బావా. అందుకే ఆ పేరు తగిలించారు. చీటీ పంపినట్టు అన్నమాట. ఒళ్లు ఆ చీటీ చదువుకుని పని చేస్తుంది, కొన్నాళ్లకి ఆ చీటీ పోతుంది. మనతో పుట్టిన రాతలో అక్షరం మారదు. పేరు ఏదైనా పెట్టుకో, మనం భయపడిన పని అది చెయ్యదు." కళ్లు తుడుచుకుని మళ్లీ మావ వైపు తిరిగింది. "మీరు కోరుకున్న పనీ చెయ్యదు. అసలు మన కిడ్నీ జబ్బు రక్తంలోంచి వస్తోందో, నీళ్లలోంచో, ఎండలోంచో ఎవరూ తేల్చలేదు మావయ్యా. మీరు దీనికి ఏదో ఇచ్చేశారని ఎందుకనుకుంటారు?"

మైలు దూరం వాపు కాళ్లతో మోసుకొచ్చిన ఆశ అది. చూస్తుండగానే పోలారావు భుజాలు వాలిపోయాయి. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది మరి.

"అలాగైతే ఎందుకమ్మా ఇది?" అన్నాడు చివరికి.

"కోరింత దగ్గు రాకుండా. ధనుర్వాతం రాకుండా. కామెర్లు రాకుండా. అన్ని జబ్బుల్నీ ఆపలేం మావయ్యా. ఆపగలిగినవైనా ఆపుదాం."

ఉమామహేష్ వచ్చి తండ్రి పక్కన కూలబడ్డాడు. "నన్ను క్షమించు నాన్నా. నేను... నాకు పాపకి ఏటవుద్దోనని... మనింట్లో పోయినోళ్లని సూసి సూసి..." పెళ్లాం వైపు చూశాడు, లక్ష్మీకుమారి వైపు చూశాడు. "వెయ్యండి సిస్టర్."

"ఎవరు పట్టుకుంటారు?" అంది లక్ష్మీకుమారి.

"మా నాన్న దగ్గరే ఉండనీండి."

నోట్లో చుక్కలు వేశారు. తొడ మీద సూది దిగగానే సాహిత్య ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, సెంటరంతా ఎగిరిపోయేట్టు కేక పెట్టింది. "ఓలమ్మ ఓలమ్మ, అయిపోనాది తల్లీ, అయిపోనాది," అంటూ పోలారావు పిల్లని గుండెకి హత్తుకున్నాడు. ఆ గుప్పెడంత చెయ్యి తాత వేలు దొరకబుచ్చుకుని వదల్లేదు. ఆయన ఆ చెయ్యి వైపు చూశాడు. పిల్ల చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. ఆయన చిటికెన వేలూ అంతే. పక్కన కూర్చున్న ఉమామహేష్‌దీ అంతే. పుట్టిన రోజునే రత్నాలమ్మ చూసి నవ్వింది, ఈ ఇంటి ముద్ర పడిందని.

"సంధ్యమ్మా," అన్నాడు పోలారావు. "ఏటీ మారదంటే, ఇది కూడా ఇలాగే ఉంటాదా?"

"ఏది మావయ్యా?"

"ఈ వంకర వేలు. నేను పోయాక కూడా?"

సంధ్య తలూపింది. ఉమామహేష్ తండ్రి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోలారావు మాత్రం ఆ చిన్న వేలిని తన వేలితో నిమురుతూ కూర్చున్నాడు. ఇంతసేపూ ఈ పిల్లలో తనది ఏదీ మిగలకూడదని దండం పెట్టుకున్న మనిషి ఆయనే.

కాసేపటికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. "ఒరే మహేషా, ఎల్లుండి షాపు కట్టేయి. పలాస ఎల్దాం. ఆ కామెర్ల సూది నేనూ ఏయించుకుంటాను."

"ఇప్పుడెందుకు మనసు మారింది నాన్నా?"

"దీనికి నడక రావాలి కదరా," అన్నాడు పోలారావు. "చిటికెన వేలు పట్టుకుని నడిపించడానికి నేను కొన్నాళ్లుండాలి."