ముప్పై అడుగుల దూరం

“ఫోటో మంచిగ పడ్డది బిడ్డా,” అన్నాడు కిరాణం బొజ్జయ్య, చక్కెర పొట్లం కడుతూ.

జమ్లికి అర్థం కాలేదు. “ఏం ఫోటో?”

“గదే, రావు సారింట్ల పెట్టిన్రు గదా, టీవీ మీద. మొన్న ఆదివారం టీవీ చూడబోతే లోపల జాగ లేక మేమంత రోడ్డు మీదనే నిలబడ్డం. సగం మంది టీవీ చూసిన్రు, సగం మంది నిన్ను చూసిన్రు.” బొజ్జయ్య పంటితో దారం తెంపాడు. “వానల నడుస్తున్నవ్. గొడుగు ముడిచి భుజానేసుకొని.”

జమ్లి పొట్లం అందుకోకుండానే వెనక్కి తిరిగింది.

ఇప్పుడూ వానే. ఇప్పుడూ గొడుగు ముడిచి భుజం మీదే ఉంది. ఖానాపురం హవేలి అనే ఆ పేటలో అందరికీ తెలిసిన వింత అది. కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి, ఆఫీసులో టైపిస్టుగా చేస్తూ, రోడ్డు వారగా ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్న ఆ పిల్ల ఎంత వానొచ్చినా గొడుగు విప్పదు. ఎందుకని అడిగితే “నా ఇష్టం” అంటుంది. ఆ తర్వాత ఇంకొకరు అడగరు.

తన గది గుమ్మం ముందు నిలబడి ఎదురింటి వైపు చూసింది. రావు గారింట్లో గృహప్రవేశమై పదిహేను రోజులైంది. ఇన్నాళ్లూ ఆమె పరాయి ఇంట్లోకి తొంగి చూసే అలవాటు లేక చూడలేదు.

తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపలి గోడకు, టీవీ పైన, నిలువెత్తు బొమ్మ. అడవి. తడిసిన టేకు, వెదురు పొద, తునికి చెట్లు. గాలికి టేకాకులు తిరగబడి వెనుక తెలుపు మెరుస్తోంది. ఆ పచ్చదనం మధ్యలో ఎర్ర చీరలో ఒక పిల్ల, మొహం పక్కకు తిప్పుకుని. భుజం మీద ముడిచిన నల్ల గొడుగు.

జమ్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగంగల్లో రోడ్డు దాటింది.

“ఎవరేసిన్రు గీ బొమ్మ?”

వెంకటరామారావు గారి భార్య పద్మావతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. “ఏ బొమ్మమ్మా? అదా! బొమ్మెక్కడుంది, ఆకులేగా. కోడి రంగు తొక్కి గోడెక్కినట్టుంది. ఆయన బళ్లో డ్రాయింగు మాస్టారు గృహప్రవేశానికి ఇచ్చాడు. పారేయలేక పెట్టాం.”

“ఆకులా? ఇగో, ఇది నేను కాదా...” అంటూ జమ్లి వేలెత్తి బొమ్మ దగ్గరికి వెళ్లింది. వేలు గాల్లోనే ఆగిపోయింది.

తానక్కడ లేదు. ఎర్ర రంగు ముద్ద ఒకటి. పక్కన నల్లటి గీత. చుట్టూ పచ్చ ముద్దలు, పసుపు ముద్దలు. ఎడమకు జరిగింది, కుడికి జరిగింది. పది అడుగుల గది అది. వీపు గోడకు తగిలే దాకా వెనక్కి నడిచినా ముద్దలు ముద్దలుగానే ఉన్నాయి.

పద్మావతమ్మ ఆమెను జాలిగా చూసింది. “కాఫీ తాగుతావా అమ్మా?”

జమ్లి ఆమె చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కొచ్చి తన గుమ్మం ముందు నిలబెట్టింది. “ఇప్పుడు చూడున్రి.”

పద్మావతమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చూసింది. “ఓరి నాయనో! నువ్వేనే! ఏమండోయ్, మనింట్లో జమ్లి ఉందండీ!”

బనీను మీదే వచ్చిన హెడ్మాస్టరు వెంకటరామారావు చూసి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. “ఇంప్రెషనిస్టు పద్ధతి అని మా డ్రాయింగు మాస్టారు మోతీలాల్ చెబుతూనే ఉన్నాడు. దూరం నుంచే చూడాలిట. పదిహేను రోజులకు అర్థమైంది!”

“తీసేయున్రి సార్.”

“ఇప్పుడా? ఇప్పుడే కదమ్మా బాగుంది!”

“మీకు బాగనే ఉంటది. ఆదివారం మా బాపు వస్తున్నడు.”

ఆమె తండ్రి హీరాలాల్ మాటలు తక్కువ మనిషి. ఆడపిల్ల ఒక్కతే పట్నంలో గది తీసుకునుడేందని తండా తండా ఎదురు తిరిగినా ఆయన ఒక్కడే పంపించాడు. బస్సెక్కిస్తూ తన గొడుగు చేతికిచ్చి ఒకే మాట అన్నాడు. “నీ పేరు నలుగురి నోట్ల పడ్డనాడు మూట కట్టుకొని ఇంటికి రా.” ఇప్పుడు నలుగురి నోట్లో పడటమే కాదు, దానికి ఫ్రేము కూడా కట్టారు. ఆదివారం ఆయన ఆమె గుమ్మంలో నిలబడి అటు చూశాడంటే గది పోతుంది, ఉద్యోగం పోతుంది.

మరునాడు ఆఫీసులో జమ్లి కొట్టిన కొట్టుడుకు టైపు మిషన్ రిబ్బను తెగింది.

సాయంత్రం రావు గారింటికి మోతీలాల్‌ను పిలిపించారు. సన్నటి మనిషి, గోళ్లలో ఆకుపచ్చ రంగు. చూడగానే గుర్తుపట్టింది. రోజూ పొద్దున బస్టాపులో స్తంభం పక్కన నిలబడి, మొదటి బస్సు ఎక్కకుండా వదిలేసే మనిషి.

“నువ్వా! నన్ను అడిగినవా సారూ?”

“లేదు.”

“అడుగకుంట ఎట్లేస్తవ్? ఆడపిల్లను తీసుకపోయి వీధిల నిలబెడ్తవా?”

“వీధిల పెట్టలేదు. దాచిపెట్టిన.”

“టీవీ మీద దాస్తరా ఎవరన్న?”

“ఆ బొమ్మ కనపడాలంటే ముప్పై అడుగులు కావాలె. ఈ గది పది అడుగులు. ఎవ్వరికీ కనపడదనే ఈ ఇంటికిచ్చిన. నా కాడ ఉంచుకుంటే...” మోతీలాల్ గోళ్లు చూసుకున్నాడు. “వేరే పని సాగుతలేదు. తలుపు తెరిచి పెడతరన్న సంగతి మరిచిన.”

పద్మావతమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“పిల్లలను ఎక్స్‌కర్షన్‌కు పర్ణశాల తీసుకపోయినప్పుడు గోదారి ఒడ్డున చెట్ల బొమ్మలేసిన,” అన్నాడు మోతీలాల్. “మా తండాల తునికాకు తెంపి కట్టలు కట్టినోణ్ని, ఆకులు నాకు తెలుసు. కానీ ఎంత ఏసినా బొమ్మల వాన రాలె. వచ్చినంక బస్టాపుకాడ మీరు గట్ల గొడుగు ముడుచుకొని నడుస్తుంటే వాన కనపడ్డది.”

జమ్లి చెవులు వేడెక్కాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. “తియ్యగ మాట్లాడకు. చెరుపు.”

“సరే,” అన్నాడు మోతీలాల్.

అంత తేలిగ్గా సరే అనటం ఆమెకు ఎందుకో నచ్చలేదు.

శనివారం సాయంత్రం చెరుపుడు మొదలైంది. బ్రష్షు పట్టుకున్న మనిషికి దగ్గర నుంచి ఏదీ కనపడదు. కనపడాలంటే రోడ్డవతల ఉండాలి. అందుకని జమ్లి తన గుమ్మం ముందు వానలో నిలబడి కేకలు వేస్తుంటే, అతను లోపల ఆమెను ఆకులతో కప్పుతున్నాడు.

“పోయిందా?”

“పోలె! ఇంకా పైకి!”

“ఇప్పుడు?”

“ముక్కు పోయింది! కొప్పున్నది!”

“ఎందుకు బిడ్డా, మంచిగుండె గదా,” అన్నాడు దుకాణం లోంచి బొజ్జయ్య.

“నువ్వు చక్కెర కట్టుకో!”

కొప్పు పోయింది. భుజం పోయింది. ఎర్ర చీర మీద ఒక్కో ఆకు పడుతుంటే ఆరిపోతున్న నిప్పులా కొంచెం కొంచెం తగ్గింది. అతను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు, ఒక్కసారీ ‘ఇంక చాలా?’ అనలేదు. చెప్పిన చోటల్లా ఆకు వేశాడు. చివరికి గొడుగు ఒక్కటే మిగిలింది. బ్రష్షు దాని మీదికి లేచింది.

“ఆగు!”

జమ్లి పరుగెత్తుకొచ్చింది. “ఎన్ని దినాలు ఏసినవ్ నన్ను?”

“నెల.”

“నెల ఏసి గంటల తుడుస్తవా? ఒక్కసారన్న వద్దనవా?”

“మీరే చెరపమన్నరు.”

“చెరపమంటే చెరుపుతవా?”

మోతీలాల్‌కు మొదటిసారి కోపమొచ్చింది. “అడుగకుంట ఏసుడు తప్పన్నరు. వద్దన్నంక ఉంచుకునుడు తప్పు కాదా? నేనేం చెయ్యాలె, మీరే చెప్పున్రి!”

జమ్లికి ఇంకా మండింది. “గొడుగు ఉండనీ. గొడుగుకు పేరు లేదు,” అనేసి గదికి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

ఆదివారం పొద్దున టీవీ కోసం వీధి వీధంతా రావు గారింటి ముందుంది. హీరాలాల్ తలపాగా పిండుకుంటూ, మక్క కంకుల సంచితో బస్సు దిగి వచ్చాడు. కూతురి గుమ్మంలో కాళ్లు తుడుచుకుని అటు చూశాడు. టీవీని కాదు, దాని పైన.

చాలాసేపు చూశాడు. “టేకు. పడమటి గాలికి తిరగబడ్డది. తునికి. వెదురు. ఏసినోడు అడవి తెలిసినోడే.”

జమ్లి ఊపిరి పీల్చుకుంది.

“బిడ్డా, నా గొడుగు అక్కడెందుకున్నది?”

పాత పిడి విరిగితే హీరాలాలే వెదురు పిడి బిగించాడు. జమ్లి తల్లి దానికి ఎర్ర నూలు చుట్టింది. బొమ్మలో పసుపు గీత మీద మూడు ఎర్ర చుక్కలున్నాయి. అటువంటి గొడుగు లోకంలో ఇంకొకటి లేదు.

హీరాలాల్ రోడ్డు దాటాడు, వెనకే జమ్లి. జనం దారిచ్చారు. రంగు ఆరిందో లేదో చూడటానికి వచ్చిన మోతీలాల్ అరుగు మీద లేచి నిలబడ్డాడు.

“ఎవరేసిన్రు?”

“నేనే కాకా.”

“గొడుగున్నది. పట్టుకున్న మనిషేది?”

మోతీలాల్ నోరు విప్పలేదు. హీరాలాల్ రెండోసారి అడిగినా విప్పలేదు. ఆమె పేరు అతని నోటి నుంచి రాదని జమ్లికి తెలిసిపోయింది.

“నేనే బాపూ. నన్నే ఏసిండు. నీకు కోపమొస్తదని నేనే చెరిపించిన.”

హీరాలాల్ ఆమె భుజం మీది గొడుగు తీసుకుని విప్పాడు. అయిదు చోట్ల ఆకాశం కనపడింది. నీళ్లు ఆయన తలపాగా మీద కారాయి.

“ఎప్పటి నుంచి?”

“పోయినేడు. నువ్విచ్చిన గొడుగు గద. విప్పితే చిరిగిందని అందరికి తెలుస్తది.”

“గొడుగు చిరిగిందని చెప్పలె. బొమ్మేసిన్రని చెప్పలె.” ఆయన గొంతు లేచింది. తండాలో కూడా ఎవరూ విని ఉండరు ఆ గొంతు. “నీ పేరు నలుగురి నోట్ల పడొద్దన్న. నా చెవుల గూడ పడొద్దన్ననా?”

టీవీ చూసేవాళ్లెవరూ టీవీ చూడటం లేదు.

హీరాలాల్ మోతీలాల్ వైపు తిరిగాడు. “ఈ పిల్ల గొడుగెందుకు విప్పదో నీకు తెలుసా?”

“తెలుసు కాకా. ఒకనాడు గాలికి విచ్చుకుంటే చూసిన.”

“మరి చిల్లులు ఏయలేదేం?”

“ఆమె దాచుకున్నదాన్ని నేనెట్లేస్త?”

హీరాలాల్ అరుగు మీద కూర్చుని, సంచి పక్కన పెట్టుకుని అడిగాడు. “నీది ఏ తండా పిల్లగా?”

పద్మావతమ్మకు ఆ ప్రశ్న మామూలుగానే వినపడింది. జమ్లికి మాత్రం అలా వినపడలేదు. పెళ్లీడు కూతురున్న తండ్రి ఒక పిల్లగాణ్ని కూర్చుండి ఆ మాట అడిగాడంటే, దాని తర్వాత వచ్చే ప్రశ్నలేమిటో తండాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“ఇల్లెందు దిక్కు కాకా.”

“ఊఁ. మల్ల ఏయి బొమ్మ.”

“బాపూ! ఎవర్నడిగి?” జమ్లి గయ్యిమంది.

“నన్నెందుకు చూస్తవ్?” అన్నాడు హీరాలాల్ మోతీలాల్‌తో. “ఆమెను అడుగు.”

మోతీలాల్ ఆమె వైపు తిరిగాడు. “జమ్లీ. అడుగుతున్న. బొమ్మ ఒక్కటే కాదు అడుగుతున్నది.”

జమ్లి తండ్రి చేతిలోంచి గొడుగు లాక్కుంది. వచ్చిన దారినే వానలో నడిచి ముప్పై అడుగులు దాటి, తన గుమ్మం ముందు ఇటు తిరిగి, వీధంతా చూస్తుండగా గొడుగు విప్పింది. అయిదు చిల్లుల్లోంచి వాన ఆమె మీద పడింది.

“చూస్తవేంది? బ్రష్షు పట్టు! చిల్లులు గూడ ఏయి! ఈసారి ముక్కు సక్కగ రావాలె!”

“ఇంత దూరం నుంచి ముక్కు కనపడది!” అని అరిచాడు మోతీలాల్.

“అయితే దగ్గరికి రా! జల్దీ, తడుస్తున్న!” ఆమె గొంతులో కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

మోతీలాల్ బ్రష్షు అరుగు మీదే మరిచిపోయి రోడ్డు దాటాడు.