మాస్టారి వైపు బ్రేకు

"కంప్రెసర్ పోయిందని ఎవరన్నారు?"

పక్క కారు బానెట్ కింది నుంచి వచ్చిన ఆ గొంతుకి డ్రైవింగ్ మాస్టారు ఉలిక్కిపడ్డాడు. అక్కడ ఓ మనిషి ఉన్నట్టు అతను అప్పటిదాకా గమనించనే లేదు.

"ఇప్పుడే నా కారు నడిపి చూసినాయన చెప్పారండీ."

"ఆయన మా అన్నయ్య. బైపాస్ మీద వంద స్పీడులో పోయి వచ్చుంటాడు. ఏసీ చల్లగా ఉందన్నాడా?"

"చల్లగానే ఉందన్నారు. అయినా కంప్రెసర్ వీకట, మార్చాలట."

"చల్లగా ఉంటే మార్చడమేంటి, విడ్డూరం కాకపోతే!"

ఆమె బయటికి వచ్చింది. ముక్కు మీద గ్రీజు మరక, చేతిలో స్పానరు. షెడ్డులో అందరూ ఆమెను చిన్నమేస్త్రి అంటారు. ఆరేళ్లుగా ఏసీ పనులన్నీ ఆమెవే. కానీ షెడ్డు ఓనరైన నాన్న ఓ పద్ధతి పెట్టాడు. టెస్ట్ డ్రైవ్ చేసినవాడిదే చివరి మాట. ఆ టెస్ట్ డ్రైవ్ ఎప్పుడూ అన్నయ్యదే. ఆమె నడిపే బండి గేటు దాటకూడదు. ఆడపిల్ల ఎవరికైనా తగిలిస్తే ఎలాగని నాన్న భయం. తగిలించడం ఇప్పటికి రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ అన్నయ్యే.

"మీకు వేడిగాలి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"పొద్దున బ్యాచ్‌కి బాగానే ఉంటుంది. మధ్యాహ్నం బ్యాచ్‌కి మాత్రం అరగంటలో ఆవిరి పట్టినట్టే."

"స్పీడెంతలో వెళ్తారు?"

"నేర్చుకునేవాళ్లండీ. పక్కన నడిచి వెళ్లేవాళ్లు మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తారు."

ఆమెకు నవ్వాగలేదు. మాస్టారు ఆ నవ్వును అవసరానికి మించి చూశాడు. ఆమె అది గమనించి, గమనించనట్టే స్పానరు తుడుచుకుంది.

ఇంతలో నాన్న ఆఫీసు గదిలోంచి వచ్చాడు. "కంప్రెసర్ ఆర్డర్ పెట్టేస్తున్నా."

"వద్దు నాన్నా. కంప్రెసర్ బాగానే ఉంది."

"వాడు నడిపి చెప్పాడు. నువ్వు నడిపావా?"

"నడపనిస్తే కదా!"

నాన్న మొహం ఎర్రబడింది. "సరే, సాయంత్రంలోగా తేల్చు. నీ మాట తప్పయితే రేపటినుంచి స్పానర్ ముట్టుకోవడానికి వీల్లేదు. కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తు."

"నా మాటే నిజమైతే టెస్ట్ డ్రైవ్ నాది."

నాన్న హుఁ అని భోజనానికి వెళ్లిపోయాడు.

ఆమె ఇంజన్ ఆన్ చేసి గ్యాస్ ప్రెషర్ చూసింది. సరిగ్గానే ఉంది. ఏసీ ముందున్న ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. లోపల చల్లగా ఉంది. లోపమేదీ దొరకలేదు. కౌంటర్ కుర్చీ కళ్లముందు కనిపించింది.

"నిలబెడితే దొరకదు మాస్టారూ. ఈ ఎండలో, మీ స్టూడెంట్ నడిపినట్టు నడపాలి."

"మరి స్టూడెంటో?"

ఆమె పర్సులోంచి లెర్నర్ లైసెన్స్ తీసింది. నాలుగు నెలలుగా అది అందులోనే మగ్గుతోంది. "నేనున్నాగా!"

డ్రైవింగ్ స్కూల్ కారు కాబట్టి మాస్టారి సీటు ముందు కూడా ఓ బ్రేకుంది. ఆమె దాన్ని వేలితో చూపించింది. "మీరు అది తొక్కకూడదు. తొక్కితే నేను నడిపినట్టు కాదు."

మాస్టారు కాళ్లు రెండూ సీటు కిందికి ముడుచుకున్నాడు. "ఇంతవరకు ఏ స్టూడెంటుకీ ఈ మాట ఇవ్వలేదండీ. నా ప్రాణాలు మీ దయ."

గేటు దాటగానే బండి ఒకసారి ఆగిపోయింది. "మీకు క్లచ్చు గురించి నాకంటే ఎక్కువ తెలుసు. తొందరపడకండి, అంతే," అన్నాడు మాస్టారు. ఇంట్లో ఒక్కరూ తనతో ఇంత నిదానంగా మాట్లాడలేదని ఆమెకు అనిపించింది. దాంతో కోపం కూడా వచ్చింది, ఇంట్లోవాళ్ల మీద.

సందులన్నీ తిరిగారు. అరగంటకి గాలి వెచ్చబడింది. మాస్టారి నుదుటి మీద చెమట చూసి ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. బండి పక్కకు ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బానెట్ ఎత్తింది. ఫ్యాన్ ఆగిపోయి ఉంది!

ఫ్యూజ్ బాక్స్ తెరిచి, ఫ్యాన్‌కి కరెంటు పంపే రిలేని లాగింది. పక్కనే హారన్‌ది, అచ్చం అలాంటిదే ఉంది. రెండింటినీ అటూ ఇటూ మార్చింది. ఫ్యాన్ మళ్లీ గిర్రుమంది.

"దొంగ దొరికింది! ఈ రిలే చల్లగా ఉన్నంతసేపు పనిచేసి, వేడెక్కగానే మొరాయిస్తోంది. అన్నయ్య వందలో వెళ్తే ఎదురుగాలే చల్లబరిచేసింది, ఇక ఫ్యాన్ ఆగిందని తెలిసేదెలా?"

"అద్భుతం! మరి హారన్?"

"కొత్త రిలే వేసేదాకా లేదు."

తిరిగి వచ్చేసరికి గేటు మధ్యలో నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా హారన్ మీదికి వెళ్లింది. చప్పుడు లేదు. నాన్న కదల్లేదు. ఆమె ఓరగా కిందికి చూసింది. మాస్టారి కాళ్లు ఇంకా సీటు కిందే ఉన్నాయి. అది చూశాక ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తానే బ్రేకు వేసి, నాన్నకు రెండడుగుల దూరంలో బండి మెత్తగా ఆపి, అద్దం దించి తల బయటపెట్టింది.

"నాన్నా! అడ్డు తప్పుకో!"

జన్మలో ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆయన కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి లోపలికి పెట్టాడు. చల్లగాలి వేళ్లకు తగిలింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఏమిటి లోపం?"

"ఫ్యాన్ రిలే. కంప్రెసర్‌కి ఏమీ కాలేదు."

ఆయన పక్కకి జరిగి, షెడ్డు లోపలికి చూసి కేకేశాడు. "ఒరేయ్, టెస్ట్ డ్రైవ్ తాళాలు చెల్లికిచ్చెయ్!"

ఆమె బండిని నెమ్మదిగా షెడ్డులోకి పోనిచ్చింది. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు. ఈరోజు ఎలాగూ ఎవరికీ భయపడలేదు, ఇదొక్కటి మాత్రం ఎందుకు దాచాలనుకుంది.

"మాస్టారూ, మీరు నాకు నచ్చారు."

బండి గక్కున ఆగిపోయింది. ఆమె కాలు బ్రేకు మీద లేదు.

"మాట తప్పారు!" అంది.

"మీరు ముందు చెప్పకుండా అంత మాట అనేస్తే ఎలాగండీ?" మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అరగంట నుంచి అదే మాట ఎలా అనాలా అని చెమటలు పట్టాయి నాకు. ఏసీ వల్లనుకున్నారా?"

వెనకనుంచి నాన్న అరిచాడు. "ఏమైంది? మళ్లీ ఏసీయేనా?"

"కాదు నాన్నా, మాస్టారి బ్రేకు," అంది ఆమె ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేస్తూ. "మీరెవరూ రాకండి. నేను చూసుకుంటా!"