ఎనిమిది డిగ్రీల సవరణ

తెల్లమిట్ట మజిలీకి చేరిన లారీ ముందు ఇంజన్ ఆపాలి, తరువాత పక్క లారీకి గొట్టం తగిలించాలి, ఆ తరువాతే డ్రైవరు టీ మాట ఎత్తాలి. 2083 నాటికి లద్దాఖ్ ఎత్తుల్లో ఇది చట్టం. వెనకటి రోజుల్లో చలికాలమంతా అక్కడ ఇంజన్లు ఆపేవారే కాదు. ఆపితే మళ్ళీ అంటుకోవని భయం. ఆ పొగలోని మసి మంచు మీద పడి, నల్లబడ్డ మంచు ఎండకు తొందరగా కరిగి, కింద లోయల్లో రెండు ఊళ్ళు కొట్టుకుపోయాక ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. నిలబడిన బండి పొగ వదలకూడదన్నారు.

బ్యాటరీ బండ్లు వాడొచ్చు కదా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మైనస్ నలభైలో ఆ బ్యాటరీలు సగం దారికే నీరసపడిపోయేవి. కనుమ అవతల చలికాలమంతా ఉండిపోయే మూడు వేల మందికి బియ్యం, మందులు మొయ్యడానికి పాత డీజిల్ లారీలే దిక్కయ్యాయి. వాటిలో పోసేది భూమిలోంచి తోడిన డీజిల్ కాదు, నాచు నుంచి పిండిన డీజిల్. దానికొక జబ్బుంది. మైనస్ ముప్ఫై దాటితే గిన్నెలో నెయ్యిలా పేరుకుంటుంది. పేరుకున్న డీజిల్ ఫిల్టర్లోంచి దిగదు, అది దిగకపోతే ఇంజన్ అంటుకోదు, ఇంజన్ లేకపోతే కేబిన్‌లో మనిషికి వెచ్చదనం ఉండదు. అక్కడ బండి చలికి చచ్చిందంటే, మనిషి దాని వెనకాలే.

దానికి విరుగుడుగా పుట్టింది సమతాపి. ప్రతి లారీ కింద ఒక ఉప్పుపెట్టె ఉంటుంది. బండి నడిచేటప్పుడు సైలెన్సర్ వేడికి పెట్టెలోని లవణం కరిగి, ఆ వేడిని తనలో దాచుకుంటుంది. బండి ఆగాక మెల్లగా గడ్డకడుతూ, దాచుకున్న వేడిని ఇంజన్‌కీ, డీజిల్ ట్యాంకుకీ, కేబిన్‌కీ వదులుతుంది. ఇంతవరకూ పాత సంగతే. కొత్తదల్లా పంచుకోవడం. బరువుతో ఎక్కొచ్చిన బండి పెట్టెలో వేడి ఎక్కువ, ఖాళీగా వచ్చిన బండిలో తక్కువ. లారీలన్నిటినీ గొట్టాలతో కలిపితే, ఉన్న బండి నుంచి లేని బండికి వేడి నూనె పారుతుంది. ఎవరికి ఎంత అన్నది ఒక కృత్రిమ మేధ తేలుస్తుంది. రోజుకు రెండుసార్లు, ఉదయం ఎనిమిదింటికీ సాయంత్రం నాలుగింటికీ, ప్రతి లారీ డీజిల్ ఫిల్టర్ పక్కనున్న బొటనవేలంత సెన్సర్‌ని పది నిమిషాలు అడిగి, ఎవరు ఎక్కువ చలిలో ఉంటే వాళ్ళకి ఎక్కువ ఇస్తుంది. తగువు తీర్చేది కాబట్టి డ్రైవర్లు దాన్ని పెద్దమనిషి అనేవారు.

సమతాపిని తయారుచేసింది డాక్టర్ హైమవతి. పేరులో మంచుకొండ ఉన్నా పుట్టింది రెంటచింతలలో, ఎండలకు పెట్టింది పేరయిన ఊళ్ళో. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆ మనిషికి చలి అంటే పరమ కోపం. ఆ కోపంతోనే ఇంత పని చేసింది.

ఆ జనవరిలో ఆమె దిగువ కేంద్రంలో కూర్చుని కొలతలు చూస్తుంటే ఒకటి కంటికి గుచ్చుకుంది. ఎనిమిదింటికి తెల్లమిట్టలో గాలి మైనస్ ఇరవై నాలుగు. అక్కడ ఆగిన తొమ్మిది లారీల్లో ఎనిమిది మాత్రం మైనస్ ముప్ఫై కంటే కిందికి చూపిస్తున్నాయి. ఊరికే నిలబడ్డ ఇనుము చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడడం ఎలా కుదురుతుంది? సెన్సర్లు పాడయ్యాయనుకుని మర్నాడు సామాను బండి ఎక్కి పైకి వెళ్ళింది.

వెళ్ళి దిగగానే ఆస్పత్రి వాసన వచ్చింది. ఈథర్ వాసన. మొరాయించిన ఇంజన్‌ని లేపడానికి డ్రైవర్ల దగ్గర ఈథర్ స్ప్రే డబ్బాలుంటాయి. దాన్ని తుండుగుడ్డ మీద కొట్టి సెన్సర్‌కి చుడితే, ఈథర్ ఆవిరైపోతూ సెన్సర్లోని వేడిని లాక్కుపోతుంది. ఆ పది నిమిషాలూ బండి గడ్డకట్టి చచ్చిపోతున్నట్టు పెద్దమనిషికి కబురు వెళుతుంది.

ఐదో నంబరు లారీ డ్రైవరు జోజిబాబు చేతిలో గుడ్డతో సహా దొరికిపోయాడు. చీరాల వైపువాడు, మాటకారి.

"అందరూ కడుతున్నారు మేడమ్. నేనొక్కణ్ణే కట్టకపోతే నా వేడంతా ఆళ్ళకి పోద్ది. మా ఇంట్లో నేను బతికి రావాలనే అనుకుంటారు గదా," అన్నాడు.

"అందరూనా?"

"మా ఏడుకొండలు మావ తప్ప. ఆయనకి చాదస్తం."

బత్తుల ఏడుకొండలుది నాలుగో నంబరు లారీ. మాచర్ల మనిషి, యాభై నాలుగేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే బండి. హైమవతి వెళ్ళేసరికి రేడియేటర్ ముందు కట్టిన గోనెపట్టా సర్దుతున్నాడు. మీరెందుకు గుడ్డ కట్టలేదని అడిగింది. మొహమాటంగా నవ్వాడు.

"బాగున్న బండికి బాగాలేదని ఎట్టా చెప్పేదమ్మా? పైన తథాస్తు దేవతలు ఉంటారు. మనం ఉత్తపుణ్యానికి అన్నా ఆళ్ళు తథాస్తు అంటారు. అప్పుడు నిజంగానే అవుద్ది."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన నొచ్చుకుంటాడని ఆపుకుంది. దేవతల భయంతో నిజం చెప్పే డ్రైవరు ఉంటాడని ఏ శాస్త్రం చెప్పింది కనుక?

కేంద్రానికి తిరిగొచ్చాక పెద్దమనిషితో మాట్లాడింది. దాని గొంతు మెత్తగా, చదువుకున్న పల్లెటూరి మనిషి గొంతులా ఉంటుంది. ఆమే అలా పెట్టించింది.

"సగటున ఎంత అబద్ధం చెబుతున్నారు?"

"వాళ్ళకి పంపిన వేడితో పోల్చి చూస్తే ఎనిమిది డిగ్రీలు మేడమ్."

ఎనిమిదిమందిని నిలదీస్తే గొడవ. గుడ్డలు లాక్కుంటే ఇంకో ఉపాయం కనిపెడతారు. దానికంటే వాళ్ళ అబద్ధాన్ని లెక్కలోనే కలుపుకుంటే పోతుంది. వాళ్ళు మైనస్ ముప్ఫై అంటే మైనస్ ఇరవై రెండు అనుకోవాలి. ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆమెకు ఈ ఆలోచన చాలా నచ్చింది. సవరణ రాసి పెట్టింది.

"ఒక్క మాట మేడమ్. నాలుగో బండి కొలతలో నాకు ఇంతవరకూ తేడా కనిపించలేదు. ఆ బండికి సవరణ మినహాయించమంటారా?"

హైమవతి ఒక్క క్షణం ఆలోచించింది. ఏడుకొండలు నవ్వు గుర్తొచ్చింది. అయినా అందరూ మునిగిన గంగలో ఆయనొక్కడూ తడవకుండా ఉంటాడా?

"తేడా కనపడనంత బాగా చేస్తున్నాడేమో. అందరికీ ఒకటే లెక్క పెట్టు," అంది.

"అలాగే మేడమ్."

ఫిబ్రవరి రెండో వారంలో తుఫాను పట్టుకుంది. పగలైనా లారీ అద్దంలోంచి చూస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. కేబిన్ దిగొద్దని ఆజ్ఞ. తొమ్మిది లారీలు గొట్టాలతో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. తప్పనిసరై దిగినవాడు దారి తప్పకుండా బండి నుంచి బండికి తాడు కట్టి ఉంది. నాలుగో లారీ ఉప్పుపెట్టెలో ఒక మూల పగిలి, దాచుకున్న వేడి కారిపోతోందని ఆ సమయానికి ఎవరికీ తెలియదు.

రెండోరోజు ఉదయం కొలతకి పెద్దమనిషి చెప్పింది: "నాలుగో బండి మైనస్ ఇరవై ఆరు అంటోంది."

"అంటే పద్దెనిమిది. భయం లేదు," అంది హైమవతి.

"నాలుగో బండి విషయంలో సవరణ..."

"తుఫాను రోజున అందరూ ఎక్కువే చెబుతారు. ఉన్న లెక్క ఉండనీ."

పైన ఏడుకొండలు పెద్దమనిషితో రేడియోలో రెండుసార్లు మాట్లాడాడు. బండి చల్లబడుతోందయ్యా, కాస్త చూడు అన్నాడు. నమోదైంది ఏడుకొండలు గారూ అని జవాబు వచ్చింది. ఆయన అది విని నిశ్చింతగా దుప్పటి కప్పుకున్నాడు. సాయంత్రానికి గొట్టంలో వెచ్చదనం రాకపోగా, ఉన్న కాస్తా పక్క బండ్లకు పోతున్నట్టు కేబిన్ నేలలో ఉన్న మూత తీసి చేత్తో తాకితే తెలిసింది.

జోజిబాబు రేడియోలో పిలిచాడు. "మావా, చెప్తే వినవు గదా. ఇయ్యాళన్నా గుడ్డ కట్టు. నా దగ్గర డబ్బా ఉంది, తాడు పట్టుకుని వచ్చి ఇస్తా."

"ఇన్నేళ్ళు కట్టంది ఇప్పుడెందుకురా? పెద్దమనిషికి చెప్పా. చూసుకుంటాడు."

మూడోరోజు ఉదయానికి డీజిల్ పేరుకుంది. ఏడుకొండలు కేబిన్‌కి వచ్చే వేడి మొత్తం కట్టేసి ఇంజన్ వైపు మళ్ళించాడు. నేలలోని మూత మళ్ళీ తీసి, ఫిల్టర్ ఊడదీసి, చొక్కాలోపల కడుపుకి ఆనించుకుని కరిగించాడు. బిగించాడు. అరగంటకు మళ్ళీ పేరుకుంది. మళ్ళీ ఊడదీశాడు. అంత చలిలో డీజిల్ చేతికంటితే నీళ్ళలా జారిపోదు, పట్టుకుని చర్మం లోపలికి చలిని దించుతుంది. ముందు మంట పుట్టింది, తరువాత ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే మేలనుకుని ఆయన మధ్యాహ్నం దాకా అదే పని చేశాడు.

తుఫాను తెరిపిచ్చాక జోజిబాబు తాడు పట్టుకుని వెళ్ళి తలుపు తీశాడు. ఏడుకొండలు కడుపు దగ్గర ఫిల్టర్‌ని రెండు చేతుల్తో పట్టుకుని ఒరిగి ఉన్నాడు. ఊపిరుంది. బండి ఇంజన్ కూడా ఇంకా గడ్డకట్టలేదు.

కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

హైమవతి ఆస్పత్రికి వెళ్ళింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్ళింది. మంచం పక్కన కూర్చుంది. ఆయనే పలకరించాడు.

"పెద్దమనిషికి నా మాట ఇనపడలేదేమో అనుకున్నానమ్మా. గాలి హోరు గదా."

"వినపడింది. నేనే నమ్మొద్దన్నాను."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "నన్నా?"

"అందరినీ."

"అందరిలో నన్ను కూడానా?"

ఆమె తల వంచుకుంది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతున్నట్టయింది. గుడ్డల సంగతి, ఎనిమిది డిగ్రీల సంగతి, యంత్రం రెండుసార్లు అడిగితే తాను కాదన్న సంగతి దాచకుండా చెప్పింది. ఏడుకొండలు తిట్టలేదు. కట్టు కట్టిన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నేను నిజం చెప్పడమే అబద్ధమైపోయిందన్నమాట," అన్నాడు. ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సవరణ ఆ రోజే తీసేశారు. హైమవతి డ్రైవర్లందరినీ పిలిచి, తప్పు తనదేనని నిలబడి చెప్పింది. వాళ్ళెవరూ ఆమె మొహం చూడలేకపోయారు. ఏడుకొండలు వేళ్ళలో తమ గుడ్డల పాలు ఎంతో వాళ్ళకి తెలుసు. జోజిబాబు ఎనిమిది తుండుగుడ్డలూ మూటగట్టి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. అప్పటికీ వాటికి ఆస్పత్రి వాసన పోలేదు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఏడుకొండలు వచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆ బండి తప్ప తనకు వేరే పని తెలియదన్నాడు. పగిలిన ఉప్పుపెట్టె మార్చి, కుడిచేతి రెండు వేళ్ళతో తిప్పగలిగేలా స్టీరింగ్‌కి ఒక పిడి బిగించి ఇచ్చారు.

మొదటి ప్రయాణానికి హైమవతి కూడా తెల్లమిట్టకు వెళ్ళింది. ఉదయం ఎనిమిదయింది. గాలి మైనస్ ఇరవై ఎనిమిది. చేతిలోని చిన్న తెర మీద కొలతలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకటో బండి మైనస్ పదిహేను. రెండోది పద్నాలుగు. మూడోది పదహారు. అన్నీ నిజాలే. పెద్దమనిషి పుట్టాక ఇన్ని నిజాలు ఒక్కసారి వినడం ఇదే మొదలు. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"నాలుగో బండి మైనస్ ముప్ఫై ఏడు అంటోంది మేడమ్," అంది పెద్దమనిషి.

ఆమె తలెత్తింది. ఇరవై అడుగుల దూరంలో ఏడుకొండలు తన లారీ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎడమచేత్తో గుడ్డను సెన్సర్‌కి అదిమిపట్టి, ఒక కొసను పళ్ళతో పట్టుకుని, కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళతో రెండో కొసను ముడి వేస్తున్నాడు. అలవాటు లేని పని కాబట్టి ముడి జారిపోతోంది. బిగించే ముందు ఒకసారి తలెత్తి పైకి, ఆకాశంలోకి చూశాడు. భయంగానే చూశాడు. తరువాత బిగించాడు.

పక్కనే గొట్టం తగిలిస్తున్న జోజిబాబు అది చూశాడు. మొహం అటు తిప్పుకుని తన పని చేసుకున్నాడు.

"గాలి కంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ. అది కుదరదు. నా అంచనా ప్రకారం ఆ బండి మైనస్ పదిహేనులో ఉంది. సవరణ చేయమంటారా?" అంది పెద్దమనిషి.

"మిగతావాళ్ళకు ఎంత తగ్గుతుంది?"

"తలా ఒక డిగ్రీ. ప్రమాదం లేదు. కానీ మేడమ్, ఆయన చెప్పేది అబద్ధం."

"తెలుసు. నేనే నేర్పాను," అంది హైమవతి. "సవరణ వద్దు. ఆయన ఎంతంటే అంత ఇచ్చెయ్."

"అలాగే మేడమ్."

ఐదో బండి నుంచి నాలుగో బండికి వెళ్ళే గొట్టం మీద పేరుకున్న మంచు బొట్లుబొట్లుగా కారడం మొదలైంది.