కారు కింద అట్ట

ఆయన లేవకముందే కారు కింద అట్ట మార్చెయ్యాలి. లేకపోతే ఆ రోజంతా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. టీచరమ్మ తన మోకాళ్ళను తనే తిట్టుకుంటూ షెడ్డులో వంగి, ఆయిల్ మరకలతో నల్లబడ్డ అట్టను బయటికి లాగి, దాని చోట శుభ్రమైనది తోసింది. పాతదాన్ని మడిచి చెత్తబుట్ట అడుగున కుక్కి, పైన కూరగాయల తొక్కలు కప్పింది. దొంగతనం చేసేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్త పడరు. రిటైరయ్యాక కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుందామనుకున్న మనిషికి చివరికి దక్కిన ఉద్యోగం ఇది.

ఆ కారు వాళ్ళమ్మాయి కంటే వయసులో పెద్దది. గుండ్రటి దీపాలు, ఈడ్చి తంతే గానీ పడని తలుపులు. వీధిలో అందరూ గడియారాల మాస్టారు అని పిలిచే ఆమె భర్త, గడియారాల దుకాణం మూసేసిన కొద్ది రోజులకే దాన్ని తుక్కు ధరకు కొని ఇంటికి తోయించుకొచ్చాడు. అంతా బాగుచేశాడు గానీ ఇంజను నుంచి ఆయిల్ కారడం మాత్రం ఆగలేదు. మెకానిక్‌ను పిలుద్దామంటే ససేమిరా అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

రాత్రి కారు కింద అట్ట పరిచి, పొద్దున మరక పడిందో లేదో చూడటం ఆయన పరీక్ష. మొదట్లో మరక చూసిన రోజల్లా అన్నం ముట్టేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పొద్దస్తమానం ఆ బానెట్ కింద తల దూర్చి ఉండేవాడు. అది చూడలేకే ఆమె అట్టలు మార్చడం మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆపడం ఎలాగో తెలియలేదు.

ఆమె టీ మరిగిస్తుండగా మాస్టారు అట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చూడు టీచరమ్మా, చుక్క లేదు! మెకానిక్, మెకానిక్ అని నా ప్రాణం తీశావు కదా, ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను, సంతోషం."

"ఆదివారం ముగ్గురం ఇందులోనే మీ చెల్లెలింటికి పోదాం. కొండ దారిలో వెళ్తే ఎంత బావుంటుందో!"

ఆమె గుండె గుభేలుమంది. వీధి చివరిదాకా వెళ్ళి రావడం వేరు, కొండెక్కడం వేరు. సగం దారిలో ఆయిల్ అయిపోయి ఆ లోయ పక్కన బండి మొరాయిస్తే?

"బస్సులో పోదాంలెండి. నాకు ఆ మలుపుల్లో కళ్ళు తిరుగుతాయి."

"బస్సులో మలుపులుండవా? ఇంట్లో రాజాలాంటి కారు పెట్టుకుని బస్సేమిటే!"

డ్యూటీకి తయారై వస్తున్న కూతురు గుమ్మంలో ఆగింది. ఆసుపత్రిలో నర్సు. మెత్తగా చెప్పడం రోగుల దగ్గరే, ఇంట్లో కాదు.

"నాన్నా, ఆ కారు కొండెక్కదు."

"ఎందుకెక్కదు? ఇన్నాళ్ళుగా ఒక్క చుక్క కారలేదు."

"రోజూ కారుతోంది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఇంజన్లో ఆయిల్ పోస్తున్నది నేనే. పొయ్యకపోతే ఈపాటికి ఇంజను పట్టేసేది."

టీచరమ్మ గిర్రున తిరిగింది. "నువ్వు పోస్తున్నావా? ఇక్కడ నేను కింద అట్టలు మార్చలేక చస్తుంటే, నువ్వు పైనుంచి పోస్తున్నావా?"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ మాట దాటిపోయింది. టీ పొంగి పొయ్యి మీద పడింది.

మాస్టారు చేతిలో అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే ఇది..."

"నేనే మార్చాను. రోజూ మారుస్తున్నాను."

"బాగుంది. తల్లీకూతుళ్ళు కలిసి నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించారన్నమాట."

"కలిసి ఎక్కడండీ? కలిసి చేసి ఉంటే నాకీ నడుం నొప్పి తగ్గేది!" ఇన్నాళ్ళ విసుగూ ఒక్కసారిగా బయటికి వచ్చింది. "మీరు అన్నం మానేస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా? నేనూ మనిషినే. ఆ డొక్కు కారుకున్న విలువ ఈ ఇంట్లో నాకు లేదు. దాన్ని ఇవాళే తుక్కువాడికి ఇచ్చెయ్యండి!"

ఆయన షెడ్డులోకి వెళ్ళిపోయాడు. బానెట్ లేచిన చప్పుడైంది. ఇద్దరూ వెనకే పరిగెత్తారు. ఇంజను పైమూతకున్న బోల్టును పానాతో పళ్ళు బిగబట్టి మరీ తిప్పుతున్నాడు.

"బిగించకు నాన్నా!" కూతురు అరిచింది. "ఆయిల్ కొన్న షాపులో అడిగాను. మూత కింద ఆయిల్ ఆపే కార్కు బెండు పట్టీ ఉంటుందట కదా. మరీ బిగిస్తే అది నలిగి చీలిపోతుందట. నువ్వు బిగించేకొద్దీ కారుతోంది."

"ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా?"

పానా జారింది. చెయ్యి పక్కనున్న రేకు అంచుకు కొట్టుకుంది. ఆయన మళ్ళీ పానా తగిలించి తిప్పసాగాడు. ఆయన చూపుడు వేలి చివర తెగి, రక్తం పానా మీదుగా కారుతోంది. ఆయనేమో బోల్టునే చూస్తున్నాడు.

"ఏమండీ, వేలు!"

అప్పుడు చూసుకున్నాడు. గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. కూతురు ఆ చెయ్యి లాక్కుని, తన చున్నీ చుట్టి, రెండో చేతి వేళ్ళ కొసలు గట్టిగా నొక్కింది.

"ఇది తెలుస్తోందా? ఇది?"

ఏ వేలు నొక్కుతోందో ఆయన వంగి చూసుకున్నాడు.

"నీకున్న షుగర్ వల్ల వేళ్ళు మొద్దుబారాయి. ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

"దుకాణం మూశాను చూడు, అంతకుముందు నుంచే." ఆయన కారు బంపరు మీద కూలబడ్డాడు. "గడియారాలు ఎవరూ పెట్టుకోవట్లేదని మీకు చెప్పాను. జనం వస్తూనే ఉన్నారమ్మా. నాకే చేతిలో చిన్న మరమేకు ఉందో జారిందో తెలిసేది కాదు. కారు బోల్టులు పెద్దవి కదా, ఇవైనా తెలుస్తాయనుకున్నాను. ఎంత బిగించాలో తెలుసు. ఎంత బిగించానో తెలియట్లేదు."

టీచరమ్మకు అన్నీ గుర్తొచ్చాయి. ఆయన కప్పులు జారవిడిచినప్పుడల్లా పరధ్యానమని సాధించింది. చొక్కా గుండీలు సగమే పెట్టుకుంటే బద్ధకమని నలుగురిలో వెక్కిరించింది. ఆయనా నవ్వేసేవాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?" అంది టీచరమ్మ.

"చెప్తే దీన్ని కూడా ముట్టుకోనిచ్చేదానివి కాదు."

నిజంగానే ముట్టుకోనిచ్చేది కాదు. ఇందాక తుక్కువాడికి ఇమ్మన్నది తనే కదా. ఆయన పనిని ఆపి ఆయన్ని కాపాడుకుందామనుకుంది. ఆ పనే పోతే ఆయనలో ఏం మిగులుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆదివారం ఎవరూ కొండెక్కలేదు. కూతురు ఆయన్ని తమ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి, వస్తూ వస్తూ కొత్త కార్కు పట్టీ కొనుక్కొచ్చింది. కూతురే పాత పట్టీ గీకేసి, మూత తుడిచి, కొత్తది అమర్చింది. మాస్టారు కంటికి భూతద్దం తగిలించుకుని ఇంజను మీదికి వంగాడు. పానా మాత్రం భార్య చేతికిచ్చాడు.

"నాకెందుకండీ? సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఇది."

"సుద్ద విరక్కుండా రాశావు కదా, అదే కావాలి. ఒక్కటే బిగించెయ్యకు. దీన్ని కాస్త, ఎదురుదాన్ని కాస్త. పట్టీ అంచు కదిలితే నేను చెప్తా."

ఆమె తిప్పింది. ఆయన చూస్తూ "ఊఁ, ఇంకాస్త" అన్నాడు.

"చాలా?" అంది భయంగా.

"కంటికి బాగానే ఉంది. చాలో లేదో నీ చేతికే తెలియాలి. నువ్వే చెప్పు."

ఎంతో మామూలుగా అన్నాడు. ఆమె కన్నీళ్ళు ఆపుకోలేకపోయింది. మూత మీద ఆనించి ఉన్న ఆయన వేళ్ళ మీద ఒక చుక్క పడింది. ఆయనకు తెలియలేదు. కాసేపటికి భూతద్దంలోంచి కనిపించింది కాబోలు, తల తిప్పి ఆమెను చూశాడు.

"చాలు," అంది ఆమె.

"అయితే చాలు," అని ఆయన పక్క బోల్టు చూపించాడు.