ఆడిట్ రోజు వణికిన గీత

పటాన్‌చెరు బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ మేడమీద గది. లోపలికి పోవాలంటే కోడ్ వర్డ్ చెప్పాలి. కింద సాంబారు పోసేవాడికి కూడా ఆ కోడ్ వర్డ్ తెలుసు. ఏజెంట్ హరినాథ్ విసుగ్గా ఆ ముక్క చెప్పి లోపలికి వెళ్లాడు.

"మందుల ఫ్యాక్టరీ. టార్గెట్ హైడ్రోజన్ రియాక్టర్," అన్నాడు చీఫ్. "ఎల్లుండి విదేశీ ఆడిటర్లు వస్తున్నారు. వాళ్ల కళ్లముందే పేల్చేస్తే ఆర్డర్లన్నీ పరాయి దేశానికి పోతాయి. ఆ దేశపు ముఠా ప్లాన్ అదే."

"లోపల మనవాళ్లు?"

"రమ్యశ్రీ. ఆడిటర్లకి దుబాసీగా వస్తోంది. నమ్మకమైన ఏజెంట్."

చీఫ్ నమ్మకమైనవాళ్లన్న ముగ్గురు ఇప్పటికే జైల్లో ఉన్నారు. హరినాథ్ మీటర్లు సరిచూసే టెక్నీషియన్ వేషంలో ఫ్యాక్టరీలో దూరాడు.

రియాక్టరంటే నిలువెత్తు ఉక్కు గొట్టం. నిండా రసాయన చర్యని ఉరికించే క్యాటలిస్ట్ గుళికలు. వాటి సందుల్లోంచి ద్రవం, హైడ్రోజన్ కలిసి దిగుతాయి. ద్రవం తడుపుతున్నంతసేపే గుళికలు అదుపులో ఉంటాయి. ద్రవం ఆగి గ్యాస్ మాత్రం వస్తూ ఉంటే లోపల కొలిమే. అందుకే రెండింటికీ ఫ్లోమీటర్లు. గ్యాసూ ద్రవమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగుతాయి కాబట్టి స్క్రీన్ మీద ఫ్లో గీత ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది.

ఆడిట్ రోజు మాత్రం వణకదని ఆపరేటర్ నర్సింగ్ చెప్పాడు. మేనేజర్ సూర్యారావుకి వణికే గీతలంటే నామోషీ. ఆడిట్ నాడు పొద్దున్నే మీటర్లో డ్యాంపింగ్ పెంచిస్తాడు. దాంతో ఎగుడుదిగుళ్లన్నీ చదునైపోయి, గీత స్కేలు పెట్టి గీసినట్టు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇక్కడ అదే ఆచారం. ఇంజనీర్లని చెప్పుకునేవాళ్ల సిగ్గులేనితనానికి హరినాథ్‌కి ఒళ్లు మండింది.

ఆడిటర్లు వచ్చారు. వెనకే పట్టుచీర, నల్లకళ్లద్దాలతో రమ్యశ్రీ. సూర్యారావు తిన్నటి గీతను చూపించి మురిసిపోతుండగా, అది ఉన్నట్టుండి వణకసాగింది.

ఆయన నర్సింగ్‌ని పక్కకి లాగి పళ్లు కొరికాడు. "డ్యాంపింగ్ పెంచలేదేంట్రా?"

"పెంచిన సార్. పొద్దుగాలనే పెంచిన."

డ్యాంపింగ్ పెంచిన మీటర్ గీత వణకకూడదు, అనుకున్నాడు హరినాథ్. అయితే ఆ అంకెలు మీటర్‌వి కావు. తీగలో ఎవరో చిప్ పెట్టారు. మామూలు రోజు రికార్డు చేసుకున్న ఫ్లోని మళ్లీ చూపిస్తూ, ద్రవం వాల్వ్ మూసేశారు. అలారాలు కూడా ఆ దొంగ అంకెలనే నమ్ముతున్నాయి.

నర్సింగ్‌ని వెంటబెట్టుకుని రియాక్టర్ దగ్గరికి పరిగెత్తాడు. ద్రవం పైపు మీద చెయ్యి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. ప్రాణం మీద ఆశ ఉంటే పొమ్మన్నాడు నర్సింగ్‌తో.

"గోడవతల ప్యాకింగ్‌ల నా పెండ్లాం ప్రియాంక ఉన్నది సార్. యాడికి పోతా?"

నర్సింగ్ హైడ్రోజన్ వాల్వ్ చక్రం పట్టుకున్నాడు.

"వదులు," అంది వెనకనించి రమ్యశ్రీ. ఆమె చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్ ఉంది. ఏ దేశపు ముఠాకైనా ఆడదాని చేతికి ఇంకోటి ఇవ్వాలని తోచదు కాబోలు. హరినాథ్‌కి భయం కంటే ముందు రోత పుట్టింది.

"కాల్చు," అన్నాడు అడ్డంగా నిలబడి. "తూటా పైపుకి తగిలి హైడ్రోజన్ లీకైందంటే ఒక్క రవ్వ చాలు. బయట నీకోసం కారు ఆగి ఉంటుందిగా, అది ఖాళీగా పోతుంది."

దేశాన్ని అమ్ముకోవడానికి వణకని చెయ్యి అప్పుడు వణికింది. ఆ కాస్త సందులో నర్సింగ్ చక్రం బిగించేసి, హైడ్రోజన్‌ని తరిమేసే నైట్రోజన్ వదిలాడు. రియాక్టర్ పక్కనున్న వేడి మీటర్ ముల్లు ఎర్ర గీతను తాకి, అక్కడే తచ్చాడి, మెల్లగా కిందికి దిగింది. నర్సింగ్ నేలమీద కూలబడి ఏడ్చేశాడు. హరినాథ్ పిస్టల్ లాక్కున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. అంత పకడ్బందీ ముఠా ఎక్కడ దొరికిపోయిందని అడిగాడు.

"మన ఫ్యాక్టరీ గురించి అన్నీ తెలుసుకునే వచ్చారు సర్," అన్నాడు హరినాథ్. "ఒక్క మన నిజాయితీనే కాస్త ఎక్కువ నమ్మారు."